ప్రాణాధార చికిత్స: రోగి మాట ఎక్కడ నిలుస్తుంది?

ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు తమ పని తాము చేసుకోలేనప్పుడు ఆ పనిని యంత్రంతోనో మందుతోనో నడిపించడమే ప్రాణాధార చికిత్స. వెంటిలేటర్, డయాలసిస్, రక్తపోటు పడిపోకుండా ఎక్కించే మందులు, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్, ముక్కులోంచి పొట్టలోకి వేసే ఆహారపు గొట్టం ఈ కోవలోవి. వీటిలో ఏదీ అసలు జబ్బును నయం చెయ్యదు. శరీరం కోలుకునేదాకా, లేదా అసలు చికిత్స పనిచేసేదాకా గడువు సంపాదించి పెడుతుంది. పాముకాటుకో న్యుమోనియాకో గురైన పాతికేళ్ల మనిషికి ఆ గడువే ప్రాణం. పదేళ్లుగా గుండె బలహీనపడుతూ వచ్చిన వృద్ధుడి విషయంలో, గడువు తీరాక ఏముంటుందన్నది అసలు ప్రశ్న.

రోగులు నిజానికి ఆలోచించేది ఈ ప్రశ్న గురించే. 2002లో అమెరికాలో టెర్రీ ఫ్రీడ్ బృందం క్యాన్సర్, గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన 226 మందిని ప్రశ్నించింది. అందరూ అరవై దాటినవారే. చికిత్స తేలికైనది, చేయించుకుంటే ఇప్పుడున్న స్థితికి తిరిగి వస్తారు అన్నప్పుడు 98.7 శాతం మంది సరేనన్నారు. అదే చికిత్సతో ప్రాణం నిలిచినా మంచం దిగలేని స్థితి మిగులుతుందంటే 74.4 శాతం వద్దన్నారు. మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి మిగులుతుందంటే వద్దన్నవారు 88.8 శాతం. చికిత్స పెట్టే బాధ కన్నా, ఆ తర్వాత మిగిలే బతుకు ఎలాంటిదన్నదే వారి జవాబును ఎక్కువగా మార్చింది. కాబట్టి ‘వెంటిలేటర్ పెట్టమంటారా, వద్దా’ అని ఐసీయూ గుమ్మంలో కాగితం పట్టుకుని అడిగే ప్రశ్న సగం ప్రశ్నే. పెట్టిన తర్వాత ఏమవుతుందో చెప్పనిదే దానికి జవాబు ఉండదు.

ఆ ‘తర్వాత’ గురించి రోగికి తెలిసేది తక్కువ. సినిమాల్లో నాలుగుసార్లు ఛాతీ నొక్కగానే మనిషి లేచి కూర్చుంటాడు. 1994లో అమెరికాలోనే సగటున 77 ఏళ్లున్న 287 మందిని అడిగితే, గుండె ఆగితే సీపీఆర్ కావాలన్నవారు 41 శాతం. దానివల్ల బతికి ఇంటికి వెళ్లే అవకాశం ఎంతో చెప్పాక ఆ సంఖ్య 22కు దిగింది. వైద్యుల అంచనాలూ ఆశవైపే మొగ్గుతాయి. 2000లో వెలువడిన షికాగో అధ్యయనంలో, చివరి దశలో ఉన్న 468 మంది ఎంతకాలం బతుకుతారన్న వైద్యుల అంచనాల్లో సరిపోయినవి 20 శాతమే. 63 శాతం అంచనాల్లో ఉన్నదానికన్నా ఎక్కువ ఆయుష్షు చెప్పారు.

నిర్ణయించుకునే శక్తి రోగికి ఉందా లేదా అన్నది వైద్యులు నాలుగు విషయాలతో తేలుస్తారు: చెప్పింది అర్థమవుతోందా, అది తన ఒంటికి సంబంధించిన సంగతేనని ఒప్పుకుంటున్నారా, లాభనష్టాలు బేరీజు వేయగలుగుతున్నారా, ఒక మాట మీద నిలిచి దాన్ని బయటికి చెప్పగలుగుతున్నారా. ఈ శక్తి పూటపూటకూ మారుతుంది. రాత్రి జ్వరంలో కలవరించిన మనిషి పొద్దున్న స్పష్టంగా మాట్లాడవచ్చు. వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం వేశాక మాత్రం మాట రాదు, మత్తుమందు వల్ల చాలాసార్లు తెలివీ ఉండదు. ఆ తర్వాత నిర్ణయం ఇతరుల చేతిలోకి పోతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇది ఎలా జరుగుతుందో చూస్తే చిక్కు తెలుస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు వచ్చి స్థిరపడ్డ రైల్వే పట్టణమిది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రం. మూడో తరం పిల్లలకు హిందీ బడి భాష, బజారు భాష. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగే నోటి భాష. ఆసుపత్రిలో డాక్టరు హిందీలో పరిస్థితి విషమించిందంటే, పక్కనున్న కొడుకు నోట తల్లికి చేరేది ‘ఏం కాదమ్మా, రెండ్రోజుల్లో తగ్గిపోద్దంట’ అన్న మాట. ఆ కొడుకు ఉద్దేశం మంచిదే. కానీ ఆ నాలుగు విషయాల్లో మొదటిదే అక్కడ ఆగిపోతుంది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరం నుంచి మేనమామలు దిగేసరికి గొట్టం వేసేసి ఉంటారు.

ఖర్చు సంగతీ నిర్ణయాన్ని వంచుతుంది. పదవీ విరమణప్పుడు చందా కట్టి ఆరోగ్య పథకంలో చేరిన రైల్వే పింఛనుదారుకు రైల్వే ఆసుపత్రిలో, అక్కణ్నుంచి రిఫర్ చేసిన చోట వైద్యం దొరుకుతుంది. బిల్లు భయం తగ్గుతుంది. దాంతోపాటే ‘ఇక చాలా?’ అని ఎవరో ఒకరు అడిగే సందర్భమూ తప్పిపోతుంది, యంత్రం దానంతటది నడుస్తూనే ఉంటుంది. అలాంటి పథకం లేని కుటుంబంలో దీనికి తలకిందులు. డబ్బు అయిపోయిన రోజున వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళుతున్నామని సంతకం పెట్టి రోగిని ఇంటికి తరలిస్తారు. నొప్పికి, ఆయాసానికి మందు కూడా వెంట రాదు. ఈ రెండింటిలో దేన్నీ రోగి నిర్ణయమనడం కుదరదు.

కుటుంబానికి రోగి మనసు తెలుసుననేది సగం నిజం. పదహారు అధ్యయనాలను కలిపి 2006లో చేసిన సమీక్షలో, రోగి ఏం కోరుకునేవారో ఆప్తులు సరిగా ఊహించింది 68 శాతం సందర్భాల్లోనే.

రోగి మాటను లెక్కలోకి తీసుకునే దగ్గరికి చట్టం మెల్లగా వచ్చింది. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో మంచాన పడిన చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్, అవయవాలు పాడవకముందే యంత్రం తీసేసి వాటిని దానం చేయనివ్వమని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది. మెదడు మరణించకుండా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పదు. కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, స్పృహ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపాలంటే హైకోర్టు అనుమతి తీసుకోవాలంది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది బిలాస్‌పూర్‌లోనే గనక ఈ ఊరివాళ్లకు దూరాభారం లేదు. అయినా ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు వకీలును వెతుక్కుంటారనుకోవడం అత్యాశ.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని తేల్చి, స్పృహ పోయాక ఏ చికిత్స వద్దో రాసిపెట్టుకునే ముందస్తు వైద్య ఆదేశానికి గుర్తింపునిచ్చింది. దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్న షరతును 2023 జనవరిలో సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. రైల్వే కాలనీలో గెజిటెడ్ అధికారికి కొదవ ఉండదు. తన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేర్కొనాలి. రోగి నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నంతకాలం ఆ కాగితం పని మొదలవదు, నోటి మాటే చెల్లుతుంది. స్పృహ పోయి, కోలుకునే ఆశ లేదన్నప్పుడు, చికిత్స చేస్తున్న వైద్యుడూ కనీసం మరో ఇద్దరు నిపుణులూ కలిసిన బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెబుతుంది. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడున్న రెండో బోర్డు దాన్ని సరిచూస్తుంది. అమలు చేసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. ఆదేశం రాయకపోయినా దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతి వర్తిస్తుంది.

పెట్టడమా మానడమా అని తేల్చుకోలేని చోట వైద్యులు మూడో దారి చూపుతారు: గడువు పెట్టి ప్రయత్నించడం. వెంటిలేటర్ మొదలుపెట్టేముందే, అయిదు రోజుల్లో ఆక్సిజన్ అవసరం తగ్గాలి, పిలిస్తే పలకాలి లాంటి గుర్తులు కుటుంబంతో కలిసి రాసుకుంటారు. అవి కనబడకపోతే ఆపడం గురించి మళ్లీ కూర్చుంటారు. పెట్టిన యంత్రాన్ని తీయడమూ, మొదట్లోనే పెట్టకపోవడమూ వైద్యనీతి ప్రకారం ఒకటే. తీసే చేతులకు మాత్రం అలా అనిపించదు, అందుకే మాట ముందుగా అనుకోవడం.

యంత్రం ఆపితే వైద్యం ఆగిందని కాదు. ఆయాసం తెలియకుండా ముందే మార్ఫిన్, కంగారు తగ్గించే మందు మొదలుపెట్టి, ఆ తర్వాతే వెంటిలేటర్ సాయం తగ్గిస్తారు. ఈ ఉపశమన చికిత్సను చివరి గంటకు దాచనక్కర్లేదు. 2010లో బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాపించిన 151 మందిలో సగం మందికి మొదటినుంచే దీన్ని అందించారు. వాళ్లు ఆఖరి దశలో దూకుడు వైద్యం తక్కువ చేయించుకున్నారు, అయినా మధ్యగత ఆయుర్దాయం మిగతావారికి 8.9 నెలలైతే వీరికి 11.6 నెలలు.