పొయ్యి పొగకు మూలుగ మందా?

చిట్టమూరు చుట్టుపక్కల పల్లెల్లో గ్యాసు వచ్చినా నీళ్ళు కాచుకోడానికి కట్టెల పొయ్యి ఇంకా పూర్తిగా పోలేదు. ఏళ్ళ తరబడి ఆ పొగ పీల్చిన ఆడవాళ్ళకి, బీడీ ముట్టకపోయినా ఆయాసం జబ్బు పట్టుకుంటుంది. డాక్టర్లు దీన్నే సి.ఓ.పి.డి. అంటారు.

మా బంధువుల్లో ఒక పెద్దావిడకి ఇదే జబ్బు. "తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలు ఎక్కిస్తే ఊపిరితిత్తులు కొత్తవైపోతాయి" అని ఎవరో చెప్పారట. కొడుకు అర ఎకరం బేరం పెట్టేశాడు! అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మన గాలిగొట్టాల లోపలి పొరమీద సన్నటి నూగు ఉంటుంది. అది అల్లాడుతూ దుమ్మునీ, కఫాన్నీ పైకి నెట్టేస్తుంది. పొగ ఆ నూగుని పాడుచేస్తుంది. పొర అడుగున ఉండే కణాలే మళ్ళీ కొత్త పొర వేస్తాయి. మూలుగ నుంచి వచ్చిన కణాలు కూడా ఆ పని చేస్తాయని 2001 ప్రాంతంలో ఎలుకల మీద చూసి చాలా ఆశపడ్డారు. తర్వాత తేలిందేమిటంటే, అవి అక్కడ పొరగా మారడం బహు అరుదు. వాపు తగ్గించే రసాయనాలు వదలడమే వాటి అసలు పని కావచ్చంటున్నారు. అమెరికాలో 62 మంది సి.ఓ.పి.డి. రోగులకి దాతల మూలుగ కణాలు ఎక్కించి, 2013లో ఫలితం ప్రకటించారు. హాని కనపళ్ళేదు గానీ, ఊపిరి మెరుగుపళ్ళేదు.

అంతకంటే ఘోరం స్వీడన్‌లో జరిగింది. మాకియారినీ అనే సర్జన్ 2011లో ప్లాస్టిక్ గాలిగొట్టానికి మూలుగ కణాలు పట్టించి రోగికి అమర్చాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. అక్కడ అలా అమర్చుకున్న ముగ్గురూ చనిపోయారు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకి రెండున్నరేళ్ళ జైలు వేసింది. చదువుకున్న దేశంలోనే అలా అయితే మన సంగతేంటండీ!

మూలుగ వైద్యమంతా బూటకం అనుకోకండి. రక్త క్యాన్సర్‌కీ, తలసీమియాకీ మూలుగ మార్పిడి ప్రాణం పోస్తోంది. ఆయాసానికి మాత్రం ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటి పరీక్షల్లో చేరిన రోగి దగ్గర ఆ వైద్యానికి డబ్బు తీసుకోకూడదు. లక్షలడిగారంటే అక్కడే అనుమానించాలి.

మా పెద్దావిడ ఇప్పుడు పొయ్యి దగ్గరికి పోవడం మానింది. డాక్టరు ఊదించి చూసి ఇన్‌హేలర్ రాశాడు. మందు పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. అది నేర్పడానికి నాకు వారం పట్టింది.