అద్దం మీది చెత్తబుట్ట

తొర్రూరు బస్టాండులో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. వరంగల్ బస్సు కోసమో, ఖమ్మం బస్సు కోసమో ఎదురుచూసేవారిలో చదువురాని అవ్వలు కూడా కనిపిస్తారు. కొడుకుతో మాట్లాడాలంటే అవ్వ ఫోను తీసి, ఆకుపచ్చ బొమ్మ మీద వేలు పెడుతుంది. అక్షరం రాకపోయినా ఆమెకు దారి చూపింది ఏమిటి? ఆ బొమ్మే!

ఆ బొమ్మను పరీక్షగా చూడండి. రెండు చివరలా లావుగా, నడుమ వంగి ఉంటుంది. మీ ఇంట్లోని ఫోనుకు అలాంటి వంపు ఎక్కడా లేదు కదా! అది పాతకాలపు టెలిఫోను రిసీవరు. ఒక చివర చెవికి, మరో చివర నోటికి అందాలి గనుక దాన్ని అలా వంచి చేసేవారు. నేటి ఫోను పలక లాంటిది. వంపుతో పని తీరిపోయింది; బొమ్మ మాత్రం మిగిలింది.

ఫోనుతో ఫోటో తీసినప్పుడు 'టిక్'మంటుంది. పాత కెమెరాలో లోపలి తెర తెరుచుకుని మూసుకున్నప్పుడు వచ్చే చప్పుడది. మామూలు ఫోను కెమెరాలో అలా కదిలే తెర లేదు. ఆ చప్పుడు చేసేది స్పీకరు! ఫోటో పడిందని మనకు తెలియాలి గనుక దాన్ని ఉంచారన్నమాట.

కొత్త వస్తువు ఇలా పాతదాని రూపాన్ని అనుకరిస్తే దాన్ని 'స్క్యూమార్ఫ్' అంటారు. పనిముట్టు, ఆకారం అనే అర్థాలుగల రెండు గ్రీకు మాటలను కలిపి హెన్రీ కోలీ మార్చ్ అనే ఆంగ్లేయుడు 1889లో ఈ పేరు పెట్టాడు.

పేరు కొత్తదే గాని, ఆ పని చాలా పాతది. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండలో రెండువేల ఏళ్ల కిందట తొలిచిన గుండ్రని బౌద్ధ చైత్యం ఉంది. లోపలికి వెళ్లి తలెత్తితే రాతి కప్పు మీద వాసాలు కనిపిస్తాయి! పూరిగుడిసెలో వాసాలు కప్పు బరువును మోస్తాయి. కొండను తొలిచిన గుహలో అవి మోసేదేమీ లేదు. అంతకుముందు చైత్యాలను కర్రతో కట్టేవారు. శిల్పులు తమకు అలవాటైన ఆ రూపాన్నే రాతిలోకి దించారు.

కంప్యూటర్లు తయారుచేసినవారూ ఇదే బాట పట్టారు. మొదట్లో కంప్యూటరుతో పని చేయించాలంటే ఆజ్ఞలను కంఠస్థం చేసి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయవలసి వచ్చేది. మామూలు గుమాస్తాకు అది ఎలా సాధ్యం? 1981లో జిరాక్స్ కంపెనీ 'స్టార్' అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. మనం నకళ్లు తీయించడాన్ని ఏ కంపెనీ పేరుతో పిలుస్తున్నామో, ఆ కంపెనీయే! దాని తెర మీద ఆఫీసు బల్ల మీద ఉన్నట్లే కాగితాలు, ఫోల్డర్లు కనిపించేవి. 1984లో వచ్చిన ఆపిల్ వారి మేకింతోష్ తెర మీద చెత్తబుట్ట కూడా ఉంది. అక్కరలేని కాగితాన్ని బుట్టలో వేయడం ఎవరికి తెలియదు?

జనం అలవాటు పడ్డాక కొన్ని అలంకారాలు పోయాయి. ఐఫోనులో గీతల కాగితంలాగా, కుట్లువేసిన తోలులాగా కనిపించే హంగులను 2013లో ఆపిల్ సంస్థ తీసివేసింది. కొన్ని మాత్రం పోలేదు. భద్రపరచమని చెప్పే బొమ్మగా చాలాచోట్ల ఇంకా ఫ్లాపీ డిస్కే ఉంది. సోనీ సంస్థ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. మీలో చాలామంది అసలు ఫ్లాపీని చూసి ఉండరు!

అయితే ఒక హెచ్చరిక. పోలిక పైరూపంలోనే, లోపల కాదు సుమా! ఇంటి చెత్తబుట్టను కుప్పలో బోర్లిస్తే చెత్త ఇల్లు దాటిపోతుంది. ఫోనులో తుడిచేశామనుకున్న ఫోటో చాలా ఫోన్లలో కొన్ని వారాలు ఆ బుట్టలోనే ఉంటుంది. కంప్యూటరు హార్డ్ డిస్కులోనైతే బుట్ట ఖాళీ చేసినా సమాచారం సాధారణంగా వెంటనే చెరిగిపోదు. 'ఈ చోటు ఖాళీ' అని యంత్రం గుర్తు పెట్టుకుంటుంది, అంతే. ఆ చోట మరొకటి రాసేదాకా పాతదాన్ని వెలికి తీయగల ఉపాయాలున్నాయి. అందుచేత ఇంట్లోని పాత ఫోనును అమ్మేముందు బుట్ట ఖాళీ చేస్తే చాలదు. కావలసినవి వేరేచోట దాచుకుని, 'ఫ్యాక్టరీ రీసెట్' చేయించండి. ఈ సంగతి మీ నాన్నగారికీ చెప్పండి.

ఇప్పుడు మీకొక పని. ఫోను తెర మీది బొమ్మలను పది కాగితం మీద గీయండి, పేర్లు రాయకండి. ఒక్కొక్కటీ ఏ వస్తువు బొమ్మో మీ తాతయ్యను అడగండి, తర్వాత మీ చెల్లెల్నో తమ్ముణ్ణో అడగండి. తాతయ్య "ఇది రిసీవరు" అన్నచోట తమ్ముడు "ఇది ఫోన్ చేసే గుర్తు" అనవచ్చు. ఇద్దరి జవాబులూ పక్కపక్కన రాసి చూడండి. వస్తువు పోయి గుర్తు మిగిలినవి పదింటిలో ఎన్నో మీకే తేలుతుంది.