షేడింగ్ నేర్చుకుంటున్నారా? ముందు పుస్తకాలకి వేసే అట్ట కాగితం తెచ్చుకోండి

పోయిన ఎపిసోడ్‌లో గీతల గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత నన్ను చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, లైన్ బానే వస్తోంది, షేడింగ్ దగ్గరికొచ్చేసరికి మచ్చలు మచ్చలుగా అయిపోతోంది, ఎందుకు?" ఈ రోజు దాని గురించే. ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే నాకు షేడింగ్ అర్థమైంది దాని వల్లే.

మాది పెదవేగి అండి, ఏలూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. విజయవాడలో ఒక స్టూడియోలో ఆరు నెలలు నేర్చుకుని ఇంటికొచ్చాక, మొదటిసారి మనిషి మీద షేడింగ్ వేసింది మా బావ చేతి మీద. మేనత్త కొడుకు, కైకలూరు దగ్గర చేపల చెరువులు చూసుకుంటాడు. ఆటపాకలో కనిపించే గూడబాతు, అదే పెలికాన్, ముంజేతి మీద వేయమన్నాడు. రెక్క మొత్తం లేత బూడిద రంగులో మెత్తగా వేశాను. ఆ రోజు తీసిన ఫొటో అదిరిపోయింది. మూడు వారాలకి చర్మం మానాక చూస్తే గీత ఉంది, ముక్కు ఉంది, రెక్క మాత్రం ఎగిరిపోయింది!

ఇంక్ దిగలేదేమో అనుకున్నాను. బావని మళ్ళీ కూర్చోబెట్టి అదే చోట నొక్కి నొక్కి నాలుగైదు సార్లు తిప్పాను. ఇప్పుడు అక్కడ చర్మం గట్టిపడి ఉబ్బింది, వేలు పెడితే తగులుతుంది. పైగా నలుపు కాస్తా నీలంగా తేలింది. బావ ఒక్క మాట అనలేదు. కానీ సంక్రాంతికి కోడిపందాల దగ్గర అందరూ చేతులు మడుచుకుని తిరుగుతుంటే, తను మాత్రం ఫుల్ హ్యాండ్స్ చొక్కా బొత్తాం పెట్టుకుని నిలబడ్డాడు.

సరే, అసలు ఏం జరిగింది? మన చర్మంలో పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. అందుకని ఇంక్ దాని కింద పొరలో పడాలి. అంటే సుమారుగా 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు, చోటుని బట్టి మారుతుంది. అక్కడ మన రోగనిరోధక కణాలు ఆ రంగు రేణువుల్ని మింగి పట్టుకుని కూర్చుంటాయి, అందుకే టాటూ నిలుస్తుంది. ఇప్పుడు అసలు సంగతి వినండి. మనకి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా ఉండేది పై పొరలో. అంటే ఇంక్ కింద, గోధుమరంగు పైన. కూల్ డ్రింక్ సీసాలోంచి చూసినట్టు, మన టాటూని మనం ఎప్పుడూ ఆ గోధుమరంగు లోంచే చూస్తాం. లేత బూడిద రంగు ఆ రంగులో కలిసిపోతుంది. నా గూడబాతుకి జరిగింది అదే. నేను నేర్చుకున్నది తెల్లటి సిలికాన్ ప్రాక్టీస్ షీట్ మీద. దాని మీద ఏది వేసినా అందంగానే కనిపిస్తుందండి, అక్కడే మోసపోతాం.

మరి ఆ నీలం సంగతి? మా అమ్మమ్మ చేతి మీద మూడు చుక్కలు ఉండేవి. చిన్నప్పుడు పొడిపించుకున్నవి. వేసింది దీపం మసి, అంటే నల్లటి కార్బన్. కనిపించేది పచ్చగా, కాస్త నీలంగా. నలుపు చర్మం లోపల ఉన్నప్పుడు పైన ఉన్న పొరలు నీలం వెలుగుని ఎక్కువ చెదరగొట్టి మన కంటికి పంపుతాయి. మసి నల్లనిదే అయినా మనవాళ్ళు దాన్ని పచ్చబొట్టు అనే పిలిచారు, చూశారా! సూది ఎంత లోతుకి దిగితే ఆ నీలం అంత ఎక్కువ. బావ చేతి మీద నేను చేసింది అదే.

కొంతమంది "ముదురు చర్మం మీద షేడింగ్ రాదు, లైన్ వర్క్ చాలు" అంటారు. నేను ఒప్పుకోను. ఈ బ్లాక్ అండ్ గ్రే స్టైల్ పెరిగిందే అమెరికాలో, కాలిఫోర్నియా జైళ్ళలో ఉన్న మెక్సికన్ మూలాల కుర్రాళ్ళ చేతుల మీద. వాళ్ళ దగ్గర రంగులు లేవు, నల్ల ఇంక్‌ని నీళ్ళతో పల్చన చేసుకునేవాళ్ళు. క్యాసెట్ ప్లేయర్ మోటారుకి గిటార్ తీగ బిగించి మిషన్ చేసుకునేవాళ్ళు. 1975లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో గుడ్ టైమ్ చార్లీస్ అనే షాపు ఆ స్టైల్‌ని బయటికి తెచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది చర్మం మనలాగే గోధుమరంగుదే.

కాబట్టి నేను చెప్పే మొదటి పని మిషన్‌తో కాదు. స్కూల్ పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ పేపర్ తెచ్చుకోండి. దాని మీద నల్ల పెన్సిల్‌తో మాత్రమే గీయండి, తెల్ల పెన్సిల్ ముట్టుకోవద్దు. వెలుగు కావాలంటే కాగితాన్ని ఖాళీగా వదలాలి, వేరే దారి లేదు. మనిషి మీద కూడా అంతే, వెలుగు అంటే మనం సూది పెట్టకుండా వదిలిన చర్మం. నేనైతే మా ఊరి ఆయిల్‌పామ్ కాయ గీసేవాణ్ణి. పండిన కాయ కొన దగ్గర నలుపు ఉంటుంది, కిందకి వచ్చేకొద్దీ నారింజ రంగులోకి జారుతుంది. ఆ జారుడు పెన్సిల్‌తో వచ్చిందంటే షేడింగ్ సగం వచ్చినట్టే. సుమారు మూడో వంతు నలుపు, మూడో వంతు మధ్య రంగు, మిగతాది ఖాళీ కాగితం. ఇది రూల్ కాదు గానీ, మొదట్లో బాగా కాపాడుతుంది.

ఇక చెయ్యి. మొదట విప్ షేడింగ్ నేర్చుకోండి. సూది పెట్టి, గీత లాగుతూ, చివర్లో చెయ్యి పైకి ఎగరేయడం. మొదట్లో చుక్కలు దట్టంగా, పోనుపోను పల్చగా పడతాయి. మా అమ్మ కుట్టు మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు, ఫ్రేమ్ బిగించి గుడ్డని చేత్తో జరుపుతుంది. మెల్లగా జరిపితే కుట్లు దగ్గర దగ్గర, గబగబా జరిపితే దూరం దూరం. ఇక్కడా అదే లెక్క. మిషన్ సెకనుకి 100 సార్లు పొడుస్తుంది అనుకోండి. మీ చెయ్యి సెకనుకి 1 సెంటీమీటర్ కదిలితే చుక్కకీ చుక్కకీ మధ్య 0.1 మిల్లీమీటర్, కంటికి గీతలాగే ఉంటుంది. 5 సెంటీమీటర్లు కదిలితే అర మిల్లీమీటర్, అప్పుడు మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తుంది. అదే పెప్పర్ షేడింగ్. మచ్చలు మచ్చలుగా వస్తోందంటే చాలాసార్లు తప్పు సూదిది కాదు, మధ్యలో చెయ్యి వేగం మారిపోవడం. మన చర్మానికి ఈ చుక్కల షేడింగ్ బాగా నప్పుతుంది, చుక్కల మధ్య చర్మం ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి.

మ్యాగ్నమ్ సూదులతో మెత్తటి షేడింగ్ తర్వాత సంగతి. అంచు వంపుగా ఉండే కర్వ్‌డ్ మ్యాగ్నమ్‌తో మొదలుపెట్టండి, మూలలు చర్మాన్ని కోయవు. చర్మాన్ని బాగా సాగదీసి పట్టుకుని, చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతూ వెళ్ళండి. అరటికాయ మీద, పంపరపనస మీద ప్రాక్టీస్ చేయండి, ఎక్కువ నొక్కితే తొక్క మీద తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చర్మం ఎర్రగా ఉబ్బి, మెరుస్తూ, తురుము పీటకి గీరుకున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయాలి. తక్కువ పడినా పర్లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, పూర్తిగా మానాక టచప్ చేయొచ్చు. ఎక్కువైతే తీయలేం. పాత దెబ్బలు ఉబ్బి కీలాయిడ్ అయ్యాయా అని ముందే అడగండి, మన చర్మానికి అది ఎక్కువ. అడగడానికి మొహమాటపడకండి.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. "రెక్క సంగతి చూడరా ఇంక" అన్నాడు. ఉబ్బిన చోట మళ్ళీ సూది పెట్టను అని చెప్పాను. దాన్ని అలాగే వదిలేసి, చుట్టూ నీళ్ళు, తుంగ వేస్తాను, అన్నీ చుక్కలతోనే. డిజైన్ బ్రౌన్ పేపర్ మీద ఇప్పటికి నాలుగుసార్లు గీశాను. ఇదిగో, స్క్రీన్ మీద మీరు చూస్తున్నది నాలుగోది. ఎడమ వైపు నలుపు ఇంకా చాలలేదు, అయిదోది గీయాలి.