నూటికి ఎన్ని కాదు... నూరుమందిలో ఎక్కడ?

చోడవరంలోని నెట్‌ సెంటర్లకు ఏటా ఒక సీజన్‌ వస్తుంది. బీఎస్సీ నర్సింగ్‌ దరఖాస్తుల సీజన్‌. బైపీసీ పూర్తిచేసిన అమ్మాయి, పక్కనే నాన్న, ప్లాస్టిక్‌ కవరులో సర్టిఫికెట్లు. నోటిఫికేషన్‌లో ఒక లైను దగ్గర ఇద్దరి చూపూ ఆగిపోతుంది. బీసీలకు కనీస అర్హత 40 పర్సంటైల్‌. అమ్మాయికి ఎంట్రన్స్‌లో వచ్చింది 160కి 60 మార్కులు. నాన్న సెల్‌ఫోన్‌లో లెక్కేస్తాడు. ముప్పైఏడున్నర!

‘‘నలభై కావాలంట కదేటమ్మా... మనకి రాదు. పద, ఎల్పోదాం’’ అని లేస్తాడు.

అక్కడే పొరపాటు జరిగిపోయింది. ఆయన వేసింది పర్సంటేజీ. నోటిఫికేషన్‌ అడిగింది పర్సంటైల్‌. చివర చిన్న తేడా అంతే, అర్థం మాత్రం పూర్తిగా వేరు. ఆ అరవై మార్కులకు 40 దాటిన పర్సంటైల్‌ వచ్చి ఉండొచ్చు. కానీ దరఖాస్తే చెయ్యకపోతే ఆ సంగతి తెలిసేదెలా? కన్వీనర్‌ కోటా వదులుకున్న ఇంటికి తరవాత వచ్చే ఫోను సాధారణంగా ఏజెంటుదే. ‘బెంగళూరులో సీటుంది, డొనేషన్‌ ఇంతే’ అంటాడు. అర ఎకరం అమ్మకానికి పెట్టడం ఆ ఫోనుతోనే మొదలవుతుంది.

ఇంతకీ పర్సంటైల్‌ అంటే ఏమిటి? 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలో చేరేదాకా విశాఖ జిల్లాలో ఉన్న చోడవరం చెరకు రైతులకు దీన్ని పుస్తకం తెరవకుండానే చెప్పొచ్చు. గోవాడ షుగర్‌ ఫ్యాక్టరీ దయవల్ల ఇక్కడ ‘రికవరీ’ అనే మాట తెలియని రైతు ఉండడు. టన్ను చెరకుకు వంద కిలోల పంచదార దిగితే రికవరీ పది శాతం. అది పర్సంటేజీ. పక్కవాడి చెరకుతో దానికి పనిలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ యార్డులో వంద బళ్లున్నాయనుకోండి. ఒక్కో బండి చెరకు తీపి కొలిచి, బాగా తీపిది ముందు, చప్పటిది చివర వచ్చేలా వరసగా నిలబెట్టారు. మీ బండి వెనక 42 బళ్లుంటే మీది 42 పర్సంటైల్‌. అంతే! ఆ ఏడాది వానలు ముఖం చాటేసి ఊరందరి చెరకూ ఒకేలా చప్పబడితే రికవరీ పడిపోతుంది. వరసలో మీ బండి చోటు మాత్రం కదలదు. పేపరు కష్టంగా వచ్చిన ఏడాది జరిగేదీ ఇదే. అందరి మార్కులూ తగ్గుతాయి, అర్హత మార్కూ వాటితోపాటే దిగివస్తుంది.

ఎంత దిగుతుందో నమ్మాలంటే నీట్‌ లెక్కలు చూడాలి. మిలిటరీ నర్సింగ్‌ సర్వీస్‌ వారి బీఎస్సీ కోర్సుకు 2022 నుంచి నీట్‌ స్కోరుతోనే మొదటి వడపోత జరుగుతోంది కాబట్టి నర్సింగ్‌ అమ్మాయిలకూ ఇది పనికొచ్చే లెక్కే. నీట్‌ మొత్తం మార్కులు 720. జనరల్‌ విభాగానికి అర్హత ఏటా 50 పర్సంటైలే. కానీ ఆ గీత 2022లో 117 మార్కుల దగ్గర పడింది. 2023లో 137. 2024లో సవరించిన ఫలితాల ప్రకారం 162. మళ్లీ 2025లో 144కి దిగింది. బీసీ, ఎస్సీ, ఎస్టీల 40 పర్సంటైల్‌ గీత 2025లో 113 దగ్గర పడింది. 720కి 117 అంటే నూటికి పదహారు పైచిలుకు! బడి పరీక్షలో అయితే ప్రోగ్రెస్‌ రిపోర్టు మీద ఎర్ర సిరా గీత పడేది. ఇక్కడ మాత్రం దేశంలో సగం మంది కంటే ముందున్నట్టు.

రిజర్వేషన్‌ గీత గురించి మరో అపోహ ఉంది. 40 పర్సంటైల్‌ అంటే బీసీలను విడిగా వరస కట్టి లెక్కేస్తారని చాలామంది అనుకుంటారు. నీట్‌లో అలా కాదు, పరీక్ష రాసిన అందరిదీ ఒకటే వరస.

నూటికి నూరు మార్కులొస్తే నూరు పర్సంటైల్‌ వస్తుందా? 2024లో నీట్‌ రాసినవారు 23 లక్షల 33 వేల పైచిలుకు. మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మంది 720కి 720 తెచ్చుకున్నారు. వాళ్లకిచ్చిన పర్సంటైల్‌ 99.997. ఒక్క మార్కూ పోలేదు, మరి ఆ చిల్లర ఎక్కడికి పోయింది? నీట్‌లో తన కంటే తక్కువ వచ్చినవారినే లెక్కిస్తారు. తనతో సమానంగా నిలిచినవారు వెనకున్నట్టు కాదు కదా! జేఈఈ మెయిన్‌లో సమానంగా వచ్చినవారినీ కలుపుతారు, అందుకే అక్కడ టాపర్లకు నిండు నూరు కనిపిస్తుంది. ఈ సూత్రంలో వింతలూ ఉన్నాయి. డాక్టర్ల పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని 2023లో నీట్‌ పీజీ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించేశారు. అంటే పరీక్ష రాసిన ప్రతివారూ అర్హులే, మైనస్‌ మార్కులొచ్చినా సరే!

ఇక నర్సింగ్‌ సంగతి. ఇండియన్‌ నర్సింగ్‌ కౌన్సిల్‌ ఎంట్రన్స్‌కు పెట్టిన కనీస అర్హత జనరల్‌కు 50 పర్సంటైల్‌, జనరల్‌ దివ్యాంగులకు 45, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40. మన రాష్ట్రంలో చాలాకాలం ఇంటర్‌ మార్కులతోనే సీట్లు నింపారు. ఆ తరవాత ఈఏపీసెట్‌ ర్యాంకు వచ్చి చేరింది. గందరగోళం అక్కడ ఇంకా పెరిగింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు రావడానికి కావలసింది 25 శాతం, అంటే 160కి 40 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు. అది శాతం, నర్సింగ్‌ సీటుకు అడిగేది పర్సంటైల్‌. ఒకే పరీక్షకు రెండు గీతలు, రెండు కొలతలు! ఏ పరీక్ష స్కోరు తీసుకుంటారన్నది ఏ ఏటికాయేడు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. సీనియర్‌ అక్క చెప్పిన పాత లెక్కతో ఇంట్లో కూర్చుంటే నష్టపోతారు.

పైగా కటాఫ్‌ పర్సంటైల్‌ ముందే తెలుస్తుంది గానీ, అది ఎన్ని మార్కులన్నది అందరి జవాబు పత్రాలూ దిద్దాకే తేలుతుంది. పరీక్ష రాసిన సాయంత్రం ‘కీ’ చూసుకుని అర్హత ఉందో లేదో తేల్చేయడం కుదరదు. ఎక్కువ సెషన్లలో జరిగే పరీక్షలైతే మరీనూ. పొద్దుటి పేపరు కష్టంగా, మధ్యాహ్నం పేపరు తేలిగ్గా వస్తే ఉత్త మార్కులు పోల్చడం అన్యాయం కదా. ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేయడానికే నార్మలైజేషన్‌.

రెండో రకం పొరపాటు దీనికి సరిగ్గా ఎదురుది. ‘మా పిల్లకి అరవై పర్సంటైల్‌, ఫస్ట్‌క్లాసే’ అని స్వీట్లు పంచేస్తారు. తొందరపడకూడదు. ఇరవై వేలమంది రాశారనుకుందాం. అరవై పర్సంటైల్‌ అంటే వెనక పన్నెండు వేలమంది, ముందు దాదాపు ఎనిమిది వేలమంది! నూరులోంచి పర్సంటైల్‌ తీసేసి, మిగిలినదాన్ని రాసినవారి సంఖ్యతో గుణించి నూరుతో భాగిస్తే ఉజ్జాయింపు ర్యాంకు వస్తుంది. సీటు నిర్ణయించేది ఆ ర్యాంకే. పర్సంటైల్‌ గీత దాటితే కౌన్సెలింగ్‌ గదిలోకి వెళ్లడానికి టిక్కెట్టు దొరికినట్టు, కుర్చీ దొరికినట్టు కాదు. కాలేజీలవారీగా కిందటేడు చివరి ర్యాంకులెంతో చూసుకుంటే కుర్చీ సంగతి కొంత అంచనాకు వస్తుంది.

సీటొచ్చి, కోర్సులో చేరిన అమ్మాయిని ఈ పర్సంటైల్‌ అంతటితో వదిలిపెట్టదు. పిల్లల వార్డులో మళ్లీ ఎదురవుతుంది, గ్రోత్‌ చార్టు రూపంలో. పాప బరువు 25వ పర్సంటైల్‌ అని రాసి ఉంటే, అదే వయసున్న నూరుమంది ఆడపిల్లల్లో ఇరవైఅయిదుగురు ఈ పాప కంటే తక్కువ బరువున్నారని. అందులో జబ్బేమీ లేదు. నెలనెలా పాప దాదాపు అదే గీత వెంట పెరుగుతోందా లేదా అన్నదే డాక్టర్లు చూస్తారు. ‘నూటికి పాతికేనా సిస్టరమ్మా!’ అని ఆ తల్లి కంగారుపడితే, పక్కన కూర్చుని విడమరిచి చెప్పాల్సింది మళ్లీ ఈ అమ్మాయే.