నాన్న వెనక సీట్లో.. ఆల్ప్స్ ముందు!

ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లోక్నర్ కొండదారి పొడవు 48 కిలోమీటర్లు. హెయిర్‌పిన్ మలుపులే 36! 1935లో తెరిచారు. చలికాలమంతా మంచుకి మూసేసి, మే నెలలో మళ్లీ వదులుతారు. టోల్ కాస్త ఎక్కువే గానీ, ఆ దారికి ఇవ్వొచ్చు.

మ్యూనిక్‌లో ఉన్న నా దగ్గరికి నాన్న వచ్చారు. జూన్‌లో నా బైక్ మీద అటే బయల్దేరాం. తిరుమల ఘాట్‌లో ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపిన మనిషాయన. ఇంజినీరింగ్‌లో నేను స్కూటీ అడిగితే, "ఘాట్‌లో నేను చూసినవి నువ్వు చూళ్లేదమ్మా" అంటూ బస్సు పాసు చేతిలో పెట్టారు. అలాంటాయన ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని నా వెనక!

మొదటి పది మలుపులూ ఆయన కుడికాలు ఫుట్‌రెస్ట్‌ని తొక్కుతూనే ఉంది. బ్రేకన్నమాట. తర్వాత ఇంటర్‌కామ్‌లో మొదలైంది: "మలుపులోకెళ్లాక కాదు, ముందే గేరు తగ్గించు." నేనది కొన్నది పాటల కోసం.

2,504 మీటర్ల ఎత్తున హోఖ్‌టోర్ దగ్గర రోడ్డు పక్కన ఇంకా మంచుంది. నాన్న గ్లవ్స్ తీసి ముట్టుకున్నారు. అది దాటాక పక్కదారిలో వెళ్తే ఎదురుగా 3,798 మీటర్ల గ్రోస్‌గ్లోక్నర్ శిఖరం, కింద పాస్టర్జ్ హిమనదం. 1963లో మంచు అంచు దాకా రైలు వేశారు. ఇప్పుడు ఆ స్టేషన్ నుంచి మంచు ఎంతో కిందికి జారిపోయింది. నాన్న రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు కదల్లేదు.

"దిగేటప్పుడు బ్రేకు కాల్చకు, గేరు మీదే దించు" అన్నారొకసారి. ఆ తర్వాత హైలిగెన్‌బ్లూట్ ఊరు చేరేదాకా ఇంటర్‌కామ్ నిశ్శబ్దం. అక్కడ కాఫీ తాగుతూ అడిగారు:

"చెల్లి స్కూటీ కావాలంటోంది. ఏది మంచిదంటావ్?"