ఊహాపటములు గీయు యంత్రమునకు పనిముట్ల వివరము



ముక్కోటి ఏకాదశి రాత్రి జాగరణమునకు కూర్చుండి, గవ్వలు వేసి వైకుంఠపాళి ఆడినవారు మీలో పెక్కురు గలరు. ఆ పటములోని లోకము ఏ మండలములోనిదియు గాదు. అందలి నిచ్చెనను ఏ వడ్రంగియు చేయలేదు. అయినను పాము నోట పడినవాడు క్రిందికి దిగవలసినదే. ఊహించిన లోకమునకును కట్టుబాటు గలదని ఆ ఆట మనకు చిన్ననాడే నేర్పినది.

ఇప్పటి పిల్లలు కంప్యూటరుపై ఆడు ఆటలకును ఇట్టి ఊహాపటములే ఆధారము. కొండలు, నదులు, కోటలు, బాటలు గల దేశమునే పటముగా గీయుదురు. తొలుత చిత్రకారులు చేతితో గీసిరి. పిమ్మట లెక్కచేత గీయు పద్ధతులు వచ్చినవి. అమెరికా దేశీయుడగు కెన్ పెర్లిన్ 1980 తరువాతి తొలి సంవత్సరములలో కనిపెట్టిన గణితపద్ధతిచే, ఎగుడుదిగుడు నేలను సహజమైనదిగా తోచునట్లు పుట్టింపవచ్చును. అందులకు ఆయనకు 1997లో ఆస్కారు వారి సాంకేతిక బహుమానము లభించినది. ఇప్పుడు మూడవ విధము వచ్చినది. మనము చెప్పిన మాటను గ్రహించి, ఏ పని ముందో ఏ పని వెనుకనో తానే నిర్ణయించుకొని, పని నెరవేర్చు కృత్రిమ మేధకు ఏజెంటు అని పేరు. "ఏడు కొండలు, వాని క్రింద నొక నది, నది యొడ్డున కోట గల దేశమును గీయుము" అన్నచో అది పటమును సిద్ధపరచును.

అయితే ఏజెంటునకు చేతులు లేవు. కొండను లేపుట కొక పనిముట్టు, నదిని పారించుట కొకటి, ఊరిని నిలుపుట కింకొకటి, ఇట్లు వేర్వేరు సాఫ్ట్‌వేరు పనిముట్లను దానికి అందింతుము. సాధారణముగా ఆ పనిముట్టు లోపల నేమున్నదో అది చూడదు. దానికి జతచేసిన వివరమును మాత్రమే చదివి, దానినే నమ్మి పనిచేయును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అను సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఏర్పాటులోను ఇదియే పద్ధతి: పనిముట్టు పేరు, అది చేయు పని, దానికి మనము ఇయ్యవలసిన కొలతలు ముందుగా వ్రాసి తెలుపవలయును.

ఆ వ్రాతలో లోపమున్నచో ఏమగునో చూడుడు. ఆజ్గార్ ఫ్యాంటసీ మ్యాప్ జనరేటరు అని ఊహాదేశముల పటములు గీయు ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి గలదు. అందులో నేల యెత్తును 0 మొదలు 100 వరకు అంకెలతో గుర్తింతురు. 20కి తక్కువైనదంతయు నీరే. ఇట్టి పనిముట్టు వివరములో "ఎత్తును అంకెలో తెలుపుము" అని మాత్రమే వ్రాసి, ఆ 20 సంగతి విడిచితిమనుకొందము. ఏజెంటు 15 అనగా చిన్న మిట్ట యనుకొని దానిపై ఊరిని నిలుపును. ఊరు కాస్తా నీటి పాలగును! ఇందు ఏజెంటు తప్పు లేదు, పనిముట్టు తప్పును లేదు. తెలిసిన సంగతిని వ్రాయనివానిదే తప్పు.

ఇది మనకు క్రొత్త సంగతి గాదు. గ్రామములలో కరణములున్న దినములలో "చింతచెట్టు తూర్పు చేను" అన్నచో ఊరివారికి చాలెడిది. క్రొత్తగా వచ్చిన అధికారికి చాలదు. అతనికి సర్వే నంబరు, గొలుసు కొలత, నాలుగు హద్దులు కావలయును. 1984లో మన రాష్ట్రమున కరణముల పదవులు రద్దయినవి. వ్రాసియుంచిన లెక్కలు తరువాతివారికి దక్కినవి. మనసులో మాత్రమే యుంచుకొన్న లెక్కలు వారితోనే పోయినవి. ఏజెంటు ప్రతిదినమును ఊరికి క్రొత్తగా వచ్చు అధికారివంటిది.

కాబట్టి మంచి వివరమునందు ఏమేమి యుండవలయును? పేరు చూడగనే పని తెలియవలయును. కొలత ఏదియో, దాని హద్దులేవియో చెప్పవలయును. ఎప్పుడు వాడవలెనో చెప్పినట్లే ఎప్పుడు వాడరాదో చెప్పవలయును. ఆ పనిముట్టు పటమును చూచి వచ్చునా, మార్చునా, ఉన్నదానిని చెరిపివేయునా యన్నది తప్పక వ్రాయవలయును. "క్రొత్త నేల" యను పనిముట్టు అంతకుముందు నిలిపిన ఊళ్లన్నిటిని తుడిచివేయునదైనచో, ఆ మాట మొదటి పంక్తిలోనే యుండుట మేలు. పని చెడినప్పుడు "పొరపాటు" అని ఊరకుండక, "నది పుట్టుచోటికన్న కలియుచోటు ఎత్తుగా నున్నది, పల్లమును చూపుము" అని దారి చెప్పవలయును.

తన పనిముట్లను తానే చేసికొను ఏజెంటునకును వివరము అవసరమే. 2023లో మైన్‌క్రాఫ్ట్ అను ఆటలో వాయేజర్ అను ఏజెంటును ప్రయోగించిరి. అది నేర్చిన ప్రతి నేర్పును చిన్న ప్రోగ్రాముగా వ్రాసి, ఆ వివరముతో భద్రపరచి, మరల అవసరమైనప్పుడు ఆ వివరమునుబట్టియే వెదకి తీసికొనెడిది.

ఇక మన సీమ మాట. తిరుపతి బాలుడొకడు మన నేలను బోలిన ఆటపటము చేయింపదలచెననుకొనుడు. నది యనగా ఎల్లప్పుడును నిండుగా పారునదియని వివరములో నున్నచో, ఏడాదిలో ఎక్కువ కాలము ఇసుకయే కనబడు స్వర్ణముఖి ఆ పటములోనికి రాదు. చెరువనగా నీరు నిలిచిన గుంట యని మాత్రమే యున్నచో కట్ట, తూము, మరవ యుండవు. నిండిన చెరువు మరవ పారి దిగువ చెరువును నింపు గొలుసుకట్టు ఆ యంత్రమునకు తెలియదు. కట్టకు ఎగువ పక్కన వరిమడిని పెట్టి, చక్కని పటము గీసితినని చూపును. ఆ పటముతో ఆడి పెరిగిన బిడ్డలు చెరువును అట్లే తలపోయుదురు.

ఆ వివరమును వ్రాయగలవారు మీరు. మనుమడు వచ్చి "తాతా, మరవ ఎంత యెత్తున నుండవలెను?" అని అడిగినచో, ఆట గదా యని త్రోసివేయకుడు. మరవ కట్టకన్న తగ్గియుండవలయునని చెప్పుడు. కట్టతో సమముగా నున్నచో వరదకు కట్టయే తెగునని కూడ చెప్పుడు. ఆ రెండవ మాటనే సామాన్యముగా ఎవరును వ్రాయరు. దానిని వానిచేత వ్రాయింపుడు.