‘ఈచ్ అదర్’ ఇద్దరికేనా?

పోటీ పరీక్షల గైడ్లలో ఎన్నేళ్లయినా మారని బిట్ ఒకటుంది. ‘ద త్రీ బ్రదర్స్ హెల్ప్ ఈచ్ అదర్’ అనే వాక్యం ఇచ్చి తప్పు పట్టుకోమంటారు. అన్నదమ్ములు ముగ్గురు కాబట్టి ‘వన్ అనదర్’ ఉండాలట.

అపోహ: ఇద్దరైతే ‘ఈచ్ అదర్’, అంతకు మించితే ‘వన్ అనదర్’.

వాస్తవం: ఇంగ్లిష్ వాళ్లు ఈ లెక్క ఎన్నడూ గట్టిగా పాటించలేదు. 18వ శతాబ్దం చివర్లో వ్యాకరణ పుస్తకాలు రాసినవాళ్లు పెట్టిన కట్టుబాటు ఇది. 1785 నాటి జార్జ్ అషర్ పుస్తకంలో కనిపిస్తుంది. వాడుక విషయంలో చండశాసనుడిగా పేరున్న ఫౌలర్ కూడా 1926లో దీన్ని కొట్టిపారేశాడు. ఈ తేడా వల్ల ఉపయోగమూ లేదు, దీనికి పాత వాడుక దన్నూ లేదన్నాడు.

అపోహ: ఇద్దరి నడుమ ‘బిట్వీన్’, ఎక్కువమందైతే ‘అమాంగ్’.

వాస్తవం: ‘బిట్వీన్’ పుట్టుకలో ‘రెండు’ ఉన్నమాట నిజమే. కానీ ఈ నియమాన్ని అన్నిసార్లూ పాటించడం లేదేమోనని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులోనే అనుమానపడ్డాడు. విడివిడిగా ఎవరికి వారుగా ఉన్నవాళ్ల సంబంధం చెప్పేటప్పుడు ముగ్గురున్నా ‘బిట్వీన్’ అనే అంటారు. 2020లో అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా వాణిజ్య ఒప్పందం అధికారిక పేరులో ఉన్నది ‘బిట్వీనే’. మూడు దేశాల లాయర్లకు గ్రామర్ రాదనుకోలేం కదా!

‘మ్యూచువల్ ఫ్రెండ్’ మీదా ఇలాంటి రగడే నడిచింది. ‘మ్యూచువల్’ అంటే ఇచ్చిపుచ్చుకునేది, కాబట్టి ఉమ్మడి స్నేహితుణ్ని ‘కామన్ ఫ్రెండ్’ అనాలని ఛాందసుల పట్టు. అలా అంటే నాసిరకం స్నేహితుడనే అర్థం స్ఫురిస్తుందని జనం ఒప్పుకోలేదు. 1864–65లో డికెన్స్ ఏకంగా నవలకే ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ అని పేరు పెట్టాడు. ఇక ఫేస్‌బుక్ సంగతి చెప్పక్కర్లేదు.

చిత్రమేమిటంటే, నిజంగా అర్థం తిరగబడే చోట్ల మనవాళ్లు ఇంత పట్టింపుగా ఉండరు. ‘దే బ్లేమ్‌డ్ దెమ్‌సెల్వ్స్’ అంటే తమను తాము నిందించుకున్నారని. ‘దే బ్లేమ్‌డ్ ఈచ్ అదర్’ అంటే ఒకరినొకరు ఆడిపోసుకున్నారని. మొదటిది పశ్చాత్తాపం, రెండోది పోట్లాట. తెలుగులో ఎవరూ పొరబడని ఈ తేడా ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి జారిపోతుంటుంది.

ఇద్దరూ రాలేదని చెప్పడానికి ‘బోత్ డిడ్ నాట్ కమ్’ అనడం ఇంకొకటి. వినేవాడికి ఒకరు వచ్చారేమోనన్న సందేహం మిగులుతుంది. ‘నైదర్ కేమ్’ అంటే ఏ గొడవా లేదు. అలాగే ‘ఈచ్ అదర్స్’ రాసేటప్పుడు ఎంతమంది ఉన్నా అపాస్ట్రఫీ ‘ఎస్’కి ముందే పడాలి.

పరీక్ష హాల్లో మాత్రం వాదనకు దిగకండి. ముగ్గురు అన్నదమ్ముల బిట్ వస్తే గైడు చెప్పిన ‘వన్ అనదర్’కే టిక్కు పెట్టి మార్కు తెచ్చుకోండి. ఉత్తరమో మెయిలో రాసేటప్పుడు మీకు నచ్చింది వాడుకోండి.